నక్షత్రముల తీర్పు

వెనుకటి దినములలో స్త్రీ వర్తకము చేయదలచినచో బజారులో నొక గది కావలసియుండెను. అద్దెయు, పెట్టుబడియు, అన్నిటికి మించి ఇంటివారి సమ్మతియు కావలసియుండెను. ఇప్పుడు చేతిలోని ఫోనే యంగడి యైనది. సిరిసిల్ల మరమగ్గముపై నేసిన చీరను, జగిత్యాల తోటలలోని మామిడికాయతో పెట్టిన పచ్చడిని, కోరుట్ల చేలలో పండిన పసుపును పట్టించిన పొడిని, ఇల్లు కదలకయే హైదరాబాదునకును బెంగుళూరునకును అమ్ముకొనుటకు వీలు కలిగినది. ఈ ప్రాంతములందు మగవారు దుబాయి, మస్కట్టు మొదలగు చోట్లకు పనికై పోవుటయు, ఇంటి భారమును పిల్లల చదువును స్త్రీయే చూచుకొనుటయు చాలకాలముగా సాగుచున్నది. ఇట్టి యింటికి కొద్దిపాటి రాబడియైనను గొప్ప ఊత.

కాని యీ క్రొత్త యంగడి తాళపుచెవి ఆ గృహిణి కొంగున లేదు. అది ఆన్‌లైను అంగడి నడపు కంపెనీ చేతిలో నున్నది. ఒకనాటి ఉదయమున ఫోను తెరచి చూచుసరికి, ‘మీ ఖాతా నిలిపివేయబడినది’ అను వాక్యము కనబడును. సరకు ఇంటిలోనే యుండును. అప్పు తెచ్చి కొన్న సీసాలు, డబ్బాలు, అట్టపెట్టెలు ఇంటిలోనే యుండును. కొనువారు మాత్రము మాయమగుదురు. అంతకుముందు అమ్మినదానికి రావలసిన సొమ్ముకూడ కొంతకాలము నిలిచిపోవుట కలదు. ఇట్లేల జరుగునో, జరుగకుండ నేమి జాగ్రత్త పడవలెనో, జరిగినపుడు న్యాయముగా నేమి కోరవలెనో ఈ నెల ముచ్చటింతము.

ఈ యంగళ్లు అమ్మువారికి పాఠశాలలో వలెనే మార్కులు వేయును. ఉదాహరణమునకు అమెజాను వారు ప్రకటించిన నియమములు చూడుడు. గడచిన 60 దినముల ఆర్డర్లలో చెడినవిగా లెక్కకు వచ్చునవి నూటికి 1 కంటె తక్కువగా నుండవలెను. కొన్నవారు అమ్మినవారికి ఒకటి రెండు నక్షత్రములే ఇచ్చినను, అంగడివారికి ఫిర్యాదు చేసి సొమ్ము రాబట్టుకొన్నను, ఆ యార్డరు చెడినదే. తామే సరకు పంపుకొనువారు ఆలస్యముగా పంపినవి నూటికి 4 లోపలను, తామై రద్దు చేసినవి నూటికి 2.5 లోపలను ఉండవలెను. ఇవి గాక ‘ఖాతా ఆరోగ్యము’ అని 0 నుండి 1000 వరకు నొక సంఖ్య కలదు. అది 200 కు తగ్గకున్న క్షేమము. 100 కంటె తగ్గినచో ఖాతా మూతపడు ప్రమాదము. తక్కిన యంగళ్లకును ఇట్టి కొలతలే వేరు వేరు పేర్లతో నున్నవి.

కొనువారికి మోసము జరుగకుండ కొలత యుండుట మంచిదే. కల్తీ పసుపు అమ్మినవారిని, ఒక చీర చూపి వేరొక చీర పంపినవారిని ఆ యంగడిలో నుంచరాదు. మేము ఆక్షేపించునది కొలతను కాదు. చిన్న లెక్కకును పెద్ద లెక్కకును ఒకే కొలత పెట్టుటను.

లెక్క వేసి చూతము. ఒక పెద్ద వర్తకునకు 60 దినములలో 5,000 ఆర్డర్లు వచ్చినవనుకొందము. వారిలో 40 మంది కోపించినను అతని లెక్క నూటికి 0.8 మాత్రమే, అతడు నిశ్చింతగా నుండును. అదే కాలములో సిరిసిల్ల గృహిణి యొకతె 40 చీరలు అమ్మినదనుకొందము. ఒక్కరు కోపించిన చాలును. ఆమె లెక్క నూటికి 2.5 అగును. ఆ ఒక్కరి కోపమునకు కారణము ఫోను తెరపై ఎరుపుగా కనబడిన రంగు ఇంటివద్ద కుంకుమరంగుగా తోచుటయే కావచ్చును. పచ్చడి సీసా దారిలో పగులుట యైనను కావచ్చును. 39 మంది సంతోషము ఆ యొక్క పగిలిన సీసా క్రింద మునిగిపోవును.

కాలముకూడ స్త్రీకి ప్రతికూలముగానే యుండును. ఆన్‌లైను అంగళ్లు దసరాకు ముందు పెద్ద బేరములు ప్రకటించును. ఆర్డర్లు వెల్లువగా వచ్చును. మనకు అవే బతుకమ్మ దినములు. తంగేడు, గునుగు పూలు కోసి తెచ్చుట, బతుకమ్మను పేర్చుట, పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డలకు వండి పెట్టుట, సద్దులు కట్టుట, ఇవన్నియు ఆ చేతులే చేయవలెను. రెండు దినములు పార్సెలు కదలకున్న ఆలస్యపు లెక్క పెరుగును. 20 పార్సెళ్లలో ఒక్కటి ఆలస్యమైనను నూటికి 5.

మన ప్రాంతపు స్త్రీలకు ఈ బాధ పేరు క్రొత్తదే గాని బాధ క్రొత్తది కాదు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలలో వేలకొలది స్త్రీలు చాట ఒడిలో పెట్టుకొని, తునికాకు కత్తిరించి బీడీలు చుట్టి సంసారము నడిపినవారు. చుట్టిన బీడీలను అప్పగించునపుడు బాగులేవని కొన్నిటిని తీసివేయుటయు, దానిపై తగవు వచ్చుటయు వారెరుగనిది కాదు. 1966లో పార్లమెంటు చేసిన బీడీ, సిగారు కార్మికుల చట్టము ఈ సంగతిని గుర్తించెను. బీడీలను తీసివేయుటను గురించియు, వాని కూలిని గురించియు తగవు వచ్చినచో ప్రభుత్వము నియమించిన అధికారి దానిని త్వరితముగా తీర్చవలెనని అందు వ్రాయబడెను. ఇంటిలో కూర్చుండి పనిచేయు స్త్రీ సరకును ఒకరు కాదన్నపుడు, వేరొకరు విని తీర్పు చెప్పవలెనన్న నీతిని మన దేశము అరువదేండ్ల క్రిందటనే ఒప్పుకొన్నది. పైగా బీడీలు ఏరువాడు కనుల యెదుట నుండును, ‘ఈ బీడీకేమైనదయ్యా?’ అని యడుగవచ్చును. ఫోనులోని లెక్కకు ముఖము లేదు. అడిగిన ప్రశ్నకు ముందే వ్రాసిపెట్టిన జవాబే మరల మరల వచ్చును.

ఇతర దేశములలో దీనికి కొంత మార్గము చూచిరి. జర్మనీ దేశపు పోటీ పర్యవేక్షక కార్యాలయము విచారణ జరుపగా, అమెజాను 2019 జూలైలో తన అమ్మకందారుల నిబంధనలను సడలించుకొనెను. ఐరోపా సమాఖ్య 2019లో చేసి, 2020 జూలై 12 నుండి అమలుపరచిన శాసనము ప్రకారము ఖాతాను నిలిపివేసినచో కారణమును వ్రాసి తెలుపవలెను. బొత్తిగా మూసివేయదలచినచో సాధారణముగా 30 దినములు ముందుగా తెలుపవలెను. మొర వినుటకు పెద్ద కంపెనీలు ఒక ఏర్పాటు చేయవలెను. మన దేశములో 2020 జూలైలో వచ్చిన ఈ-కామర్సు నియమములు కొనువారి ఫిర్యాదు అందినదని 48 గంటలలో తెలుపవలెననియు, ఒక నెలలో పరిష్కరింపవలెననియు చెప్పుచున్నవి. అమ్మువారి మొరకు ఇట్టి గడువు అందులో లేదు. కొను స్త్రీకి దొరికిన రక్షణ అమ్ము స్త్రీకిని దొరకవలెనని మా కోరిక. కారణము తెలుపుట, మనుష్యుడొకడు వినుట, గడువులోపల జవాబు చెప్పుట, ఈ మూడే మేము కోరునవి.

అట్టి నియమము వచ్చువరకు చేతనైన జాగ్రత్తలు కొన్ని కలవు.

చీరను దీపము వెలుతురులో గాక పగటి వెలుతురులో ఫోటో తీయవలెను. పొడవు, వెడల్పు, జాకెట్టు గుడ్డ కలదో లేదో అంకెలతో వ్రాయవలెను. రంగు కొంచెము తేడాగా కనబడవచ్చునని ముందే చెప్పవలెను. పచ్చడి సీసా మూతను బిగించి, ప్లాస్టికు సంచిలో మూసి, చుట్టును మెత్త పెట్టి, పెట్టెను ఒకమారు ఇంటిలోనే జారవిడిచి చూడవలెను. ఆహార పదార్థములు అమ్మువారు ఎఫ్.ఎస్.ఎస్.ఏ.ఐ. నమోదు లేక అమ్మరాదు.

ప్రతి పార్సెలును కట్టునపుడు ఫోటో తీసి, తూకము వ్రాసి, కొరియరు రసీదుతో కలిపి తారీఖువారీగా దాచుకొనవలెను. పాలవాని లెక్కను, చాకలి పద్దును వ్రాసుకొను మనకు ఇది కష్టము కాదు. తగవు వచ్చిననాడు ఆ పుస్తకమే సాక్షి. కొన్నవారు అడిగిన ప్రశ్నకు ఒక దినములోపల జవాబు వ్రాయవలెను. బతుకమ్మకు గాని, ఇంటిలో పెండ్లికి గాని, కాన్పుకు గాని తీరిక ఉండదని తెలిసినచో, ముందుగానే ఖాతాలో సెలవు పెట్టుకొను వీలు చాల అంగళ్లలో కలదు, దానిని వాడుకొనవలెను.

ఖాతా నిలిచినపుడు కోపముతోను కన్నీటితోను వ్రాసిన జాబు పనికిరాదు. ఏమి జరిగినది, దానికి కారణమేమి, ఇప్పటికేమి సరిదిద్దితిమి, ఇకముందు జరుగకుండ నేమి చేయుదుము, ఈ నాలుగింటిని వరుసగా వ్రాసి, రసీదులు, ఫోటోలు జతపరుపవలెను. వేరొక పేరుతో రెండవ ఖాతా తెరువరాదు. అది పట్టుబడినచో మొదటిదికూడ పూర్తిగా పోవును. ‘సొమ్మిచ్చిన ఖాతా తెరిపింతుము’ అని ఫోను చేయువారిని నమ్మరాదు, ఓటీపీ చెప్పరాదు.

అన్నిటికంటె ముఖ్యము, ఒకే వాకిటిపై బ్రతుకు నిలుపుకొనరాదు. 2017లో ప్రారంభమైన బతుకమ్మ చీరల ఆర్డరు సిరిసిల్ల మగ్గములకు కొన్నియేండ్లు పని కల్పించెను. 2024 ఆరంభమున కొత్త ఆర్డర్లు లేక మగ్గములు నిలిచినపుడు నేతవారిండ్లలో ఎంత దిగులు పుట్టెనో మనమెరుగుదుము. ఆన్‌లైను అంగడియు అట్టిదే. ఊరిలోని దుకాణమును, మహిళా సంఘమును, బంధుమిత్రుల ద్వారా వచ్చు తిన్నని బేరమును విడువక చేతిలో నుంచుకొనవలెను.

ఇక కొను సోదరీమణులకు ఒక మాట. సరకునకు ఇచ్చు నక్షత్రములు వేరు, అమ్మినవారికి ఇచ్చు నక్షత్రములు వేరు. ఏది యిచ్చుచున్నారో చూచి యిండు. సరకు చెడ్డదైన నిర్భయముగా చెప్పుడు. అది తోటి స్త్రీలకు మేలు. కాని పెట్టె నలిగినదో, పార్సెలు తెచ్చువాడు విసుగుకొన్నాడో, ఆ కోపమును పచ్చడి పెట్టిన చేతులపై చూపకుడు. ముందు అమ్మినవారికి ఒక మాట వ్రాసి, ఒక దినము జవాబునకు వేచియుండుడు. అప్పటికిని న్యాయము జరుగనిచో మీ తీర్పు మీరు చెప్పుడు. కూరగాయల బండి దగ్గర పుచ్చు వంకాయ వచ్చినచో మనము ‘ఇది మార్చి యియ్యమ్మా’ అందుము గాని బండిని తల్లక్రిందులు చేయము గదా.