ఈ యేటి మేటి చిత్రమేది?

డిసెంబరు నెల వచ్చుసరికి మన పాఠశాల వేపచెట్ల నీడను అర్ధసంవత్సర పరీక్షలకంటె ఎక్కువగ చర్చింపబడు ప్రశ్న యొకటి కలదు. ఈ యేడు వచ్చిన చలనచిత్రములలో మేటి ఏది? భోజన విరామమున ఆరంభమైన యీ వాదము చివరి గంట మ్రోగువరకును తెగదు. మరునాడు ఉదయ ప్రార్థనకు ముందే మరల తలయెత్తును. వసతిగృహపు బాలురు రెండు పక్షములై, ఒకరి మొగమొకరు చూడక, భోజనపు బంతిలో దూరదూరముగ కూర్చుండుటయు మేమెరుగుదుము. ఉపాధ్యాయుల గదిలో సయితము ఈ వాదము లేకపోలేదు. అచ్చట కేకలు కొంచెము తక్కువ, అంతియే.

సినిమాను గూర్చి మాటలాడుటయే దోషమని తలంచు పెద్దలు నేటికిని మన సంఘములో కొందరున్నారు. వారితో వాదించుట ఈ వ్యాసమున మా పని కాదు. బిడ్డలు చూడనే చూచుచున్నారు. హాలులో కాకున్న చేతిలోని ఫోనులో చూచుచున్నారు. పద్యము బాగున్నదన్న విద్యార్థిని "ఏల బాగున్నది?" అని నిలదీయు మేము, చిత్రము బాగున్నదన్న వానిని మాత్రము అడుగక విడుచుట న్యాయము కాదని మాకు తోచినది. కావున అడిగి చూచితిమి.

"మా హీరో చిత్రము గనుక" అని పెక్కురు చెప్పిరి. "ఇన్ని కోట్లు వసూలైనది గనుక" అని కొందరు చెప్పిరి. చక్రవడ్డీ లెక్కలో తడబడు బాలురు ఈ కోట్లను మాత్రము రోజువారీగ వ్రేళ్లపై లెక్కించి చెప్పగలుగుట మాకు మిక్కిలి వింతగ నున్నది. "అందరును అదే యనుచున్నారు గదా, సార్" అని తక్కినవారు చెప్పిరి. ఈ ప్రత్యుత్తరములలో నటుడున్నాడు, ధనమున్నది, జనమున్నది. చిత్రము మాత్రము లేదు.

ఇట్టివారికి మేము 1951వ సంవత్సరమును చూపుచుందుము. ఆ యేడు మార్చి 15న విజయావారి 'పాతాళభైరవి' వెలువడెను. డిసెంబరు 20న వాహినీవారి 'మల్లీశ్వరి' వెలువడెను. రెంటియందును నాయకుడు నందమూరి తారక రామారావుగారే. ఇక "మా హీరో చిత్రమే మేటి" యను సూత్రము ఏమి పనికివచ్చును? అభిమాని ఎంత గట్టిగ కేకవేసినను ఆ కేక రెండు చిత్రములకును సమానముగనే చెందును. అప్పుడు వాడు నోరు మూసికొనవలయును, లేదా చిత్రమును గూర్చి మాటలాడవలయును.

మాటలాడ మొదలిడినచో ఎన్ని సంగతులు దొరకును! 'పాతాళభైరవి' కె.వి. రెడ్డిగారి దర్శకత్వమున, పింగళి నాగేంద్రరావుగారి రచనతో వచ్చిన జానపదము. తోటమాలి కొడుకు ఉజ్జయిని రాకుమార్తెను వలచుట, నాతో సమానమగు సంపద తెచ్చి చూపుమని రాజు వానిని పంపుట, నేపాళ మాంత్రికుడు వానిని బలియీయ జూచుట, ఇట్లు కథ ఎచ్చటను ఊపిరి తీయదు. మాంత్రికునిగ ఎస్.వి. రంగారావుగారు తెరపై నిలిచినంతసేపు నాయకుని మరచువారు కలరు. కంప్యూటరు అను మాటయే మనవారెరుగని దినములలో మార్కస్ బార్ట్‌లీగారు కెమేరా నేర్పుతోనే మాయలను నమ్మించిరి. 1952 జనవరిలో బొంబాయియందు ఆరంభమైన భారతదేశపు మొదటి అంతర్జాతీయ చలనచిత్రోత్సవమున ఈ చిత్రము ప్రదర్శింపబడెను.

'మల్లీశ్వరి' నడక వేరు. బి.ఎన్. రెడ్డిగారు దీనిని తొందరపడక తీసిరి. శ్రీకృష్ణదేవరాయల కాలమున ఒక పల్లెలో శిల్పియగు నాగరాజును, అతని మేనమామ కూతురు మల్లియు ఒకరినొకరు కోరుకొందురు. మారువేషమున వచ్చిన రాయలను నాగరాజు పరిహాసముగ మల్లికొక పల్లకి పంపుమని యడుగును. ఆ పల్లకి నిజముగనే వచ్చి ఆమెను రాణివాసమునకు కొనిపోవును. ఇందు మాంత్రికుడు లేడు, రాక్షసుడు లేడు. తల్లి ధనాశయు, రాజుగారి దయయు చాలును ఇద్దరిని విడదీయుటకు. భానుమతిగారి నటన, గానము. సాలూరి రాజేశ్వరరావుగారి సంగీతము. కవి దేవులపల్లి కృష్ణశాస్త్రిగారు చిత్రసీమకు తొలుత తెచ్చిన మాటలు, పాటలు: వీనిని గూర్చి వేరుగ వ్రాయవలసినంత యున్నది.

మా మట్టుకు మేము 'మల్లీశ్వరి' పక్షము. చెడ్డవాడు చేసిన కీడునుండి కథ నల్లుట సులభము; మంచి రాజు దయతో పంపిన పల్లకినుండి దుఃఖమును పుట్టించుట కష్టము. ఆ కష్టము చేసినవారికి మేము పెద్దపీట వేసెదము. అయినను, "మూడు గంటలసేపు ముసలి మొదలు పసివాని వరకు ఒక్కరిని కూడ కదలనీయని కథను కట్టుట అంతకంటె కష్టము, సార్" అని పాతాళభైరవి పక్షమున వాదించిన పదవ తరగతి బాలునకు మేము ఆనాడు సమాధానము చెప్పలేదు. చెప్పుటకు తగినది దొరకలేదు. ఆ బాలుడు హీరో పేరెత్తలేదు, వసూళ్ల మాట ఎత్తలేదు. అట్టి వాదము ఎంతసేపు సాగినను స్నేహము చెడదు.

మరియొక సంగతి. 'మల్లీశ్వరి' విడుదలయైన డిసెంబరు 20కిని సంవత్సరాంతమునకును నడుమ మిగిలినవి పదునొకండు దినములు. పట్టణములయందు విడుదలయైన చిత్రము పల్లెలలోని డేరా హాళ్లకు చేరుటకు ఆ దినములలో నెలలు పట్టెడిది. డిసెంబరు 31న ఎవరైన ఆ యేటి మేటి చిత్రమును ప్రకటించియున్నచో, తెలుగువారిలో ఎందరు అప్పటికి రెండును చూచియుందురు? మేటి యనునది పోల్చి చెప్పు మాట. ఒక్కటే చూచినవాడు "నాకు నచ్చినది" అనవచ్చును. ఆ హక్కు వానినుండి ఎవరును తీసికొనలేరు. "మేటి" అనుటకు మాత్రము తక్కినవానిని కూడ చూచియుండవలయును.

ప్రేక్షకుల తీర్పు ఎప్పుడును తేలికయే యని మేమనము. 1954లో ఫిలింఫేర్ పత్రికవారు తమ మొదటి బహుమతులను పాఠకుల ఓట్లతోనే నిర్ణయించిరి. దేశమంతట 20,000 మందికి పైగా పాఠకులు ఓటు వేసిరి. ఉత్తమ నటుడుగ వారు దిలీప్ కుమార్‌గారిని ఎన్నుకొనిరి. అది 'దాగ్' చిత్రమునకు. ఉత్తమ చిత్రముగ ఎన్నుకొన్నది మాత్రము బిమల్ రాయ్‌గారి 'దో బీఘా జమీన్'. రెండు బీఘాల నేలను నిలుపుకొనుటకు కలకత్తా పోయి రిక్షా లాగిన బీదరైతు కథ యది; అందు దిలీప్ కుమార్‌గారు లేనే లేరు. తమకు ప్రియుడగు నటుని ఒక కాగితముపై నుంచి, చిత్రమును వేరొక కాగితముపై తూచగల నేర్పు ఆ పాఠకులకున్నది. ఆ పాఠకులు మన పిల్లలవంటి సామాన్యులే.

మన తెలుగువారి ఓటు సంగతియు ఒకటి చెప్పవలసియున్నది. 'మాయాబజార్' 1957 మార్చి 27న వెలువడెను. ఆ యేటి జాతీయ బహుమతులలో తెలుగునకు వచ్చిన రజతపతకము 'భాగ్యరేఖ'కు పోయెను. యోగ్యతాపత్రము 'తోడికోడళ్లు'కు పోయెను. మాయాబజారునకు ఏమియు రాలేదు. భారతీయ చలనచిత్రమునకు నూరేండ్లు నిండిన 2013లో సి.ఎన్.ఎన్.-ఐ.బి.ఎన్. వారు నూరు చిత్రముల పట్టికనిచ్చి అంతర్జాలమున ఓట్లడిగినప్పుడు, 70,000కు పైగా వచ్చిన ఓట్లలో సుమారు 17,000 ఓట్లతో మాయాబజారే మొదటి స్థానమున నిలిచెను. ఆ వార్త చదివి మేమును సంతసించితిమి. కాని ఆ ఓటు వేసినవారిలో పట్టికలోని నూరు చిత్రములను చూచినవారెందరు? మలయాళ చిత్రము, బెంగాలీ చిత్రము ఒక్కటైన చూచినవారెందరు? మన ఇంటి బిడ్డ పరుగుపందెములో నున్నదనగానే పరుగెత్తుకొనిపోయి చప్పట్లు చరచుట మనకలవాటు. మాయాబజారు ఆ స్థానమునకు తగినదే. చప్పట్లు మాత్రము తీర్పు కావు.

అన్నియు చూచి తీర్పు చెప్పువారును కలరు. జపానుదేశమున కినెమా జుంపో అను పత్రిక 1924 నుండి ఏటేట పది మేటి చిత్రముల పట్టికను విమర్శకులచేత ఎన్నిక చేయించుచున్నది. 1953 పట్టికలో ఓజు యసుజిరో తీసిన 'టోక్యో కథ' రెండవది. మొదటి స్థానము ఇమాయి తదాషి తీసిన 'నిగోరియే'కు పోయెను. 2012లో సైట్ అండ్ సౌండ్ అను ఆంగ్ల పత్రిక ప్రపంచమందలి దర్శకులనడిగినప్పుడు, సర్వకాలములందును మేటియని వారు చెప్పినది ఆ 'టోక్యో కథ'నే.

1954 నాటి పట్టిక మాకు మరింత ప్రియమైనది. కురొసావా అకిరాగారి 'సెవెన్ సామురాయ్'ను లోకమంతయు నేడు పొగడుచున్నది. మన దేశపు దర్శకులు దానినుండి నేర్చుకొన్నది కొంచెము కాదు. ఆ యేడు దానికి దక్కినది మూడవ స్థానము. మొదటిది కినొషిత కెయిసుకెగారి 'ఇరువదినాలుగు కన్నులు'. చిన్న ద్వీపమునందలి బడికి సైకిలుపై వచ్చిన పడుచు ఉపాధ్యాయిని యొకతె, ఆమె మొదటి తరగతిలోని పండ్రెండుగురు పిల్లలు, వారి ఇరువదినాలుగు కన్నులు. 1928లో ఆరంభమై యుద్ధానంతరమువరకు సాగు కథ యది. పేదరికము కొందరి చదువును మ్రింగును. యుద్ధము కొందరు బాలురనే మ్రింగును. వారి పేర్లను హాజరుపట్టీలో పిలిచిన గొంతుతోనే ఆమె పిదప వారికై విలపించును. యుద్ధము ముగిసి పదేండ్లైన కాకముందు ఆ దేశపు విమర్శకులు ఆ చిత్రమును మొదటనుంచిరన్నచో, వారు తమ ఇండ్లలోని ఖాళీ స్థలములను తలంచుకొనియుందురు. నేటి విదేశీయుడు కత్తులవారి చిత్రమునే ముందుంచును. ఇందెవరి తీర్పు తప్పు? ఎవరిదియు కాదని మా తలంపు. సంవత్సరపు పట్టిక ఆ సంవత్సరమున జనుల గుండెలలో నేమున్నదో చెప్పు సాక్ష్యము. సాక్ష్యము నిజమైనదైనంతవరకు దానికి విలువ కలదు.

ఆ "నిజము" అనుటలోనే మా దిగులున్నది. గతేడు తొమ్మిదవ తరగతిలో ఇదే ప్రశ్న నడిగినప్పుడు, ఎన్నడును మాటలాడని బాలిక యొకతె లేచి, పేరుగల నటులెవరును లేని ఒక చిన్న చిత్రము పేరు చెప్పినది. అందులో ఒక తల్లి మాటలాడక అన్నము వడ్డించు ఘట్టము తనకు మరపు రాలేదని కూడ చెప్పినది. ఆ తరగతిలో ఆనాడు వినిన కారణములలో అదియొక్కటే కారణము. తరగతి యంతయు నవ్వెను. నవ్వినవారిని మందలించితిమి. పదిదినముల పిమ్మట అదే ప్రశ్న మరల వచ్చినప్పుడు ఆ బాలిక లేచి, అందరును చెప్పిన పేరునే తానును చెప్పి కూర్చుండెను. హీరోల పేరిట జరుగు కలహములకంటె ఇది మాకు ఎక్కువ బాధ కలిగించినది. కలహించువారు తమ మనసులోని మాటనే కేకవేయుచున్నారు. ఈమె తన మనసులోని మాటను దాచుట నేర్చుకొన్నది; అదియును మన బడిలోనే నేర్చుకొన్నది.

తలిదండ్రులకు మేము చేయు మనవి యొకటి. పండుగనాడు కుటుంబసమేతముగ హాలునకు పోవుచున్నారు. టిక్కెట్లకును, తినుబండారములకును చాలినంత వ్యయమగుచున్నది. తిరిగివచ్చు దారిలో "బాగున్నదా?" అని యడిగి ఊరకుండక, "ఏది బాగున్నది? ఏది బాగులేదు?" అని బిడ్డలను అడుగుడు. మీకు నచ్చినది వారికి నచ్చలేదన్నచో నవ్వకుడు. ఖర్చు పెట్టిన సొమ్ము కొంతవరకు అచ్చటనే తిరిగివచ్చును.

విద్యార్థులారా, వచ్చే సంచికకు మేమొక పని తలపెట్టితిమి. ఈ యేటి చిత్రములలో మీకు మేటియని తోచినదానిని గూర్చి ఒక పుటకు మించక వ్రాసి, క్రిస్మసు సెలవులనుండి వచ్చిన మొదటి వారములో తెలుగు పండితులవారికి అందజేయుడు. నియమములు రెండే. నటీనటుల పేర్లు ఒక్కటియు వ్రాయరాదు. ఈ యేడే మీరు చూచిన మరియొక చిత్రమును పేర్కొని, అది ఏల దీనికంటె తక్కువయో చెప్పవలయును. వసూళ్ల లెక్కలు వ్రాసిన కాగితములను గణితోపాధ్యాయులవారికి పంపెదము. మీ పేరు కాగితము వెనుక వ్రాసిన చాలును. అచ్చులో పేర్లు వేయము, కనుక ఎవరేది వ్రాసిరో ఎవరికిని తెలియదు. ఉపాధ్యాయులమును వ్రాసెదము; మా కాగితములను కూడ మీ కాగితములలోనే కలిపివేసెదము.