పగిడేరు వేడిని పైకి తెద్దాం

బొల్లారం, అల్వాల్, తిరుమలగిరి నివాసులకు మనవి.

డిసెంబరు తెల్లవారుజామున మేడమీది ట్యాంకు నీళ్లు ముట్టుకుంటే వేళ్లు కొంకర్లు పోతాయి. అప్పుడే మోటారు వేసి పట్టిన బోరునీళ్లు మాత్రం గోరువెచ్చగా ఉంటాయి. పైనున్న చలి అంత లోపలికి దిగదు. ఇంకా లోతుకు పోతే భూమి సొంత వేడి మొదలవుతుంది. ఆ వేడితో కరెంటు తీయవచ్చు, రాత్రీ పగలూ, ఎండతో పనిలేకుండా.

బొల్లారంలో తవ్వమని మేం అడగడం లేదు. మన కిందున్న గ్రానైటు చాలా పాతది, దాని వేడి అందాలంటే మరీ లోతుకు పోవాలి. అడిగేది గోదావరి లోయ గురించి. మణుగూరు దగ్గర పగిడేరులో బొగ్గు కోసం వేసిన బోర్లలోంచి వేడినీళ్లు మోటారు లేకుండానే ఉబికి వస్తున్నాయి. ఆ వేడితో, తొందరగా ఆవిరయ్యే మరో ద్రవాన్ని మరిగించి టర్బైను తిప్పే 20 కిలోవాట్ల ప్రయోగ కేంద్రాన్ని సింగరేణి చేపట్టింది. మంచి పని. కానీ 20 కిలోవాట్లంటే ఓ పదిహేను ఏసీలకు చాలితే గొప్ప. అక్కడితో ఆగిపోకూడదు.

నీళ్లు తమంతట తాము పైకి రాని చోట కూడా ఇప్పుడు దారి ఉంది. వేడిరాతిలోకి రెండు బావులు దించి, నీటి ఒత్తిడితో రాతిలో సన్నని పగుళ్లు తెరుస్తారు. ఒక బావిలో పోసిన నీళ్లు ఆ పగుళ్లలో కాగి రెండో బావిలోంచి పైకొస్తాయి. అమెరికాలోని నెవాడాలో 2023లో ఈ పద్ధతితోనే 3.5 మెగావాట్లు తీశారు. అక్కడ బావులు రెండు కిలోమీటర్లకు పైగా దిగి, ఆపైన అడ్డంగా సాగాయి.

దీనివల్ల భూకంపాలు వస్తాయన్న భయం ఉత్త భయం కాదు. స్విట్జర్లాండులోని బాసెల్‌లో 2006లో ఇలా నీళ్లు పంపాక భూమి కంపించింది, పనే ఆపేశారు. 2017లో దక్షిణ కొరియాలోని పొహాంగ్‌లో వచ్చిన పెద్ద భూకంపానికి అలాంటి బావులే కారణమని ప్రభుత్వ విచారణలో తేలింది. మన గోదావరి లోయా కదిలే నేలే: 1969లో భద్రాచలం, 2024 డిసెంబరు 4న ములుగు. ఆ రోజు పొద్దున హైదరాబాదులోనూ చాలామందికి తెలిసింది. అందుకే ముందు ఒక్క పరీక్ష బావి చాలంటున్నాం. ఒత్తిడితో నీళ్లు పంపడం ఇప్పుడే వద్దు. వేడి ఎంతుందో, రాయి ఎలా ఉందో కొలవాలి. చుట్టూ భూకంప మాపకాలు ముందే పెట్టి, ఆ లెక్కలు ఊళ్లవాళ్లకు రోజూ చూపాలి. ఈ పని తెలిసినవాళ్లు మన ఊళ్లోనే ఉన్నారు. ఉప్పల్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ మహారాష్ట్రలోని కోయినా భూకంపాలను ఏళ్లుగా పరిశీలిస్తోంది. అక్కడ మూడు కిలోమీటర్ల లోతు బోరు వేసిన ప్రయత్నంలోనూ దాని పాత్ర ఉంది. నేల తొలిచే నేర్పు సింగరేణి కార్మికులది. 2025 సెప్టెంబరులో కేంద్రం భూతాప విద్యుత్తుకు జాతీయ విధానం ప్రకటించింది కూడా.

రాష్ట్ర ప్రభుత్వం ఆ పరిశోధన సంస్థనూ సింగరేణినీ కలిపి మణుగూరు ప్రాంతంలో పరీక్ష బావికి డబ్బు కేటాయించాలి. అక్కడి గ్రామసభల సమ్మతి ముందు తీసుకోవాలి. ఈ కాగితం వెనకవైపు ఇంధన శాఖ మంత్రికి వినతిపత్రం ఉంది. చదివి, సంతకం చేసి, మీ వీధి పేరు రాసి, పక్కింటివాళ్లకు ఇవ్వండి.