నవ్వుకి గ్యారంటీ ఎన్నేళ్ళు?

స్టీలు గిన్నె కొన్నా సరే, మనం ఆడవాళ్ళం తిరగేసి చూస్తాం, వేలితో కొట్టి చూస్తాం. పట్టుచీర కొంగు నలిపి, "రంగు దిగదు కదా?" అని కొట్టువాణ్ణి విసిగిస్తాం. కుక్కరు కొంటే గ్యారంటీ కార్డు అడక్కుండా మెట్లు దిగం. ఇంత తెలివైన వాళ్ళమూ, పెళ్ళీడు పిల్ల పళ్ళకి వేలకు వేలు పోసి పింగాణీ రేకులు అతికించేటప్పుడు మాత్రం, "ఇవి ఎన్నేళ్ళుంటాయండీ?" అన్న ఒక్క ముక్క అడగం!

మా ఇచ్ఛాపురంలో ఇదివరకు పెళ్ళిచూపులంటే పిల్ల జడ చూసేవారు, రంగు చూసేవారు. ఇప్పుడు మనిషికంటే ముందు ఫొటో వెళుతోంది గనక పలువరస చూస్తున్నారు. "అమ్మాయి నోరు విప్పి నవ్వితే బాగుండును" అని అవతలివాళ్ళు అన్నారంటే తల్లి గుండె గుభేలుమంటుంది. ఇంకేం, ఆ వారంలోనే బరంపురమో, విశాఖపట్నమో ప్రయాణం. మా వీధిలో ఒకావిడ అలాగే కూతుర్ని తీసుకెళ్ళి వచ్చి, "ఆరు పళ్ళకి ఏయించీసినాం అక్కా, ఇంక జీవితాంతం దిగుల్నేదు" అంది. జీవితాంతమని ఎవరు చెప్పారమ్మా అని అడిగితే, "ఎవలూ సెప్పనేదు, మనవే అనుకున్నాం" అంది.

నా తగువంతా ఆ 'అనుకోవడం' మీదే.

వీటిని వెనీర్లంటారు. పంటి ముందు భాగానికి అతికించే పల్చటి రేకులు. 1928 ప్రాంతంలో అమెరికాలో చార్లెస్ పింకస్ అనే దంతవైద్యుడు హాలీవుడ్ తారల కోసం మొదలుపెట్టాడు. కట్టుడుపళ్ళ పొడితో అంటించడం, షూటింగు అయిపోగానే ఊడదీయడం, అంతే. తరవాత 1955లో మైకేల్ బ్యునకోర్ అనే ఆయన పంటి పైపొరని ఆమ్లంతో గరుకు చేస్తే జిగురు గట్టిగా పట్టుకుంటుందని కనిపెట్టాడు. 1980ల నాటికి పింగాణీ రేకుల్ని తీయడానికి వీల్లేకుండా అతికించడం వచ్చింది. సినిమావాళ్ళకి సాయంత్రానికి ఊడిపోయే వేషం, మన పిల్లలకి ఊడని వేషమైంది.

ఊడని వేషమైతే మంచిదేగా అంటారు. కాదు. రేకు పట్టాలంటే చాలామందికి పంటి పైనున్న ఎనామిల్‌ని అర మిల్లీమీటరు అటూ ఇటూ అరగదీస్తారు. గోరు కత్తిరిస్తే పెరుగుతుంది, జుట్టు కత్తిరిస్తే పెరుగుతుంది, ఎనామిల్ మళ్ళీ పెరగదు. ఒకసారి అరగదీసిన పంటికి ఇక ఎప్పుడూ ఏదో ఒక తొడుగు ఉండాల్సిందే. ఆ తొడుగేమో శాశ్వతం కాదు. పింగాణీదైతే మామూలుగా పది పదిహేనేళ్ళు, బాగా చూసుకుంటే మరికొంత. అచ్చం పంటి రంగు సిమెంటులా ఉండే కాంపోజిట్ రకమైతే ఐదారేళ్ళు, మహా అయితే ఏడు. ఇరవై మూడేళ్ళ పిల్లకి ఇవాళ పింగాణీవి వేయిస్తే, డెబ్బై ఏళ్ళు వచ్చేలోగా ఇంకో మూడు నాలుగు సార్లు మార్పించాలి. మార్చిన ప్రతిసారీ ఖర్చే, ఒక్కోసారి మరికాస్త పన్నూ పోతుంది. కొనుక్కున్నామని మనం మురిసిపోతున్నది నిజానికి అద్దె కొంప!

వేయించుకున్నవాళ్ళని బెదిరించడం నా ఉద్దేశం కాదు. ఉన్నదాన్ని నిలబెట్టుకోండి. రెండు పూటలా మెత్తటి బ్రష్షుతో తోముకోండి. బొగ్గుపొడి, ఉప్పు, కచిక దగ్గరికి రానీయకండి, మెరుపు గీసుకుపోతుంది. రేకు పుచ్చదు గాని దాని అంచున ఉన్న అసలు పన్ను పుచ్చుతుంది, కాబట్టి చిగురు దగ్గరా పళ్ళ సందుల్లోనూ శుభ్రం ముఖ్యం. మన ఉద్దానం పిల్లలకి కొబ్బరి చిప్పని ముందుపళ్ళతో గీకి తినడం పుట్టుకతో వచ్చిన విద్య. అది మానాలి. చెరుకు గడ చీల్చకూడదు, జామకాయ ముక్కలు కోసుకు తినాలి. పలాస జీడిపప్పుకి భయం లేదు లెండి! పూలు కడుతూ దారం పంటితో తెంపడం, జాకెట్టు పిన్నీసు పళ్ళతో పట్టుకోవడం మనందరి అలవాటే, అదీ మానాలి. నిద్రలో పళ్ళు కొరికేవాళ్ళు రాత్రిపూట పెట్టుకునే తొడుగు గురించి డాక్టరుని అడగాలి. ఆర్నెల్లకోసారి చూపించుకోవాలి.

ఇంకో మాట, ఇది మన ప్రాంతం వాళ్ళు మరీ చెవినిపెట్టాలి. అరగదీసిన పన్ను కొందరికి చన్నీళ్ళు తగిలితే జివ్వుమంటుంది. బరంపురం మళ్ళీ ఎవరు వెళతారని మందుల షాపులో నొప్పి బిళ్ళలు కొని రోజులకి రోజులు మింగుతారు. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు పల్లెల్లో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్ళు ఆర్పిందో మనకొకరు చెప్పాలా? దానికోసమే 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి తెరిచారు. ఆ జబ్బుకి మూలం ఏమిటో ఇంకా తేలలేదు గాని, నొప్పి బిళ్ళలు అదేపనిగా వాడితే మూత్రపిండాలకి చేటన్నది తేలిన సంగతే. పంటి సోకు కోసం ఆ ముప్పు కొనితెచ్చుకుంటామా?

"మీరు పాతకాలం మనిషి. పిల్ల ధైర్యంగా నవ్వద్దా?" అంటారు. నవ్వాలి! నల్గొండ, ప్రకాశం జిల్లాల్లో ఫ్లోరైడు నీళ్ళు తాగి పళ్ళమీద గోధుమరంగు మచ్చలు పడ్డ పిల్లలున్నారు. పడిపోయి పన్ను విరిగినవాళ్ళున్నారు. వాళ్ళకి ఈ వైద్యం వరమే. కాస్త ఎత్తుపళ్ళుంటే క్లిప్పులున్నాయి, పచ్చబడితే శుభ్రం చేయించుకోవడముంది. పన్ను అరగదీసే ముందు అవన్నీ అయ్యాయా అని అడగండి. ఏ రకం వేస్తారు, ఎంత అరగదీస్తారు, పగిలితే ఎవరు భరిస్తారు, మళ్ళీ మార్పించేటప్పుడు ఎంతవుతుంది — ఇవీ అడగండి. జవాబు కాగితం మీద రాసివ్వమనండి.

ఇక మగపిల్లల తల్లులకి ఒక్క మాట. వదినా, సంబంధం చూడ్డానికి వెళ్ళినప్పుడు పిల్ల చదువు అడగండి, ఆరోగ్యం అడగండి, మీ ఇంట్లో ఆమె నవ్వుతూ ఉండగలదా అని మిమ్మల్ని మీరు అడగండి. పలువరస మాత్రం లెక్కపెట్టకండి. మీరు విసిరే ఆ ఒక్క మాటకి ఇరవై మూడేళ్ళ పిల్ల బతుకంతా వాయిదాలు కట్టాలి.