పాస్‌వర్డ్ తీసేయకండి!

ప్రశ్న: ఈమధ్యే కొత్త రూటర్ పెట్టించాం. మా అబ్బాయి ల్యాప్‌టాప్‌కి, నా ఫోనుకి వైఫై బాగానే వస్తోంది. మావారి పాత ఫోను మాత్రం ఎన్నిసార్లు పాస్‌వర్డ్ కొట్టినా కనెక్ట్ కావడం లేదు. అమెరికాలో ఉన్న అమ్మాయితో ఆయన రోజూ మాట్లాడేది ఆ ఫోన్లోనే. పాస్‌వర్డ్ తీసేస్తే సరిపోతుందని పక్కింటి కుర్రాడు అంటున్నాడు. తీసేయమంటారా?
- ఓ గృహిణి, తెనాలి

జవాబు: వద్దమ్మా! తాళంచెవి పట్టడం లేదని వీధి తలుపు ఊడదీసుకుంటామా? 2008 జులైలో అహ్మదాబాద్ పేలుళ్లకు కాస్త ముందు ఉగ్రవాదుల ఈమెయిల్ వచ్చింది. అది నవీ ముంబయిలోని ఓ ఇంటి వైఫై నుంచి వెళ్లిందని తేలింది. ఆ వైఫైకి రక్షణ లేదు. ఏ పాపం తెలియని ఆ ఇంటాయన పోలీసులకు జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది.

మిగతావాటికి నెట్ వస్తోందంటే లైను బాగున్నట్లే. చిక్కంతా ఆ ఫోనుకీ, రూటర్‌కీ మధ్యే. ఇలా వరసగా చూసుకుంటూ రండి.

* ఫోన్లో మీ వైఫై పేరు మీద నొక్కి 'ఫర్గెట్' ఎంచుకోండి. లేదంటే ముందు కొట్టిన తప్పు పాస్‌వర్డ్‌నే ఫోను మళ్లీ మళ్లీ పంపుతుండొచ్చు.

* ఈసారి 'షో పాస్‌వర్డ్' దగ్గర టిక్ పెట్టి, చూస్తూ టైపు చేయండి. ఇంగ్లిషు పెద్దక్షరాలు, చిన్నక్షరాలు వేర్వేరు. సున్నాకి బదులు 'ఓ' పడినా, చివర్లో ఖాళీ పడినా తలుపు తెరుచుకోదు.

* ఫోనునీ, రూటర్‌నీ ఒకసారి ఆపి, అర నిమిషం తర్వాత ఆన్ చేయండి.

* అప్పటికీ కాకపోతే అసలు అనుమానం సెక్యూరిటీ రకం మీదే. 2018లో వచ్చిన డబ్ల్యూపీఏ3 పద్ధతి చాలా పాత ఫోన్లకు తెలియదు. పాస్‌వర్డ్ సరిగ్గా కొట్టినా కలవవు. రూటర్ అడుగున చీటీ మీద ఉన్న అడ్రస్‌ని ల్యాప్‌టాప్ బ్రౌజర్లో కొట్టి, వైర్‌లెస్ సెక్యూరిటీలో 'డబ్ల్యూపీఏ2/డబ్ల్యూపీఏ3' అని రెండూ కలిసి ఉన్నది ఎంచుకోండి. దానికీ పలకకపోతే 'డబ్ల్యూపీఏ2-ఏఈఎస్' పెట్టండి. 'డబ్ల్యూఈపీ' జోలికి మాత్రం వెళ్లొద్దు. దాన్ని ఛేదించడం నిమిషాల పని.

* అక్కడే 'మ్యాక్ ఫిల్టర్' ఆన్‌లో ఉందేమో చూడండి. ఉంటే అనుమతించిన ఫోన్ల జాబితాలో మీవారి ఫోనునీ చేర్చాలి.

* వైఫై పేరే కనిపించకపోతే రూటర్లో 2.4 గిగాహెర్ట్జ్ ఆన్ చేయండి. చాలా పాత ఫోన్లకు 5 గిగాహెర్ట్జ్ అందదు.

ఏదీ పనిచేయకపోతే ఫోన్లో 'రీసెట్ నెట్‌వర్క్ సెట్టింగ్స్' నొక్కండి. ఫొటోలు, నంబర్లు పోవు. దాచుకున్న వైఫై పాస్‌వర్డ్‌లు, బ్లూటూత్ జతలు మాత్రం చెరిగిపోతాయి. అందుకే దీన్ని ఆఖరుకి అట్టిపెట్టుకోండి.

అన్నట్టు, రూటర్‌తో వచ్చిన పాస్‌వర్డ్‌నే ఇంకా వాడుతుంటే ఈరోజే మార్చేయండి. కొత్తదాన్ని డైరీలో రాసుకోండి, గోడ మీద మాత్రం కాదు!