పతకానికి ఉన్న కొలత ప్రాణానికి లేదా?

2025 మార్చిలో నార్వేలోని ట్రాండ్‌హైమ్‌లో ప్రపంచ నార్డిక్ స్కీ పోటీలు జరిగాయి. సొంతగడ్డ మీదే ఆతిథ్య దేశపు స్కీ జంపింగ్ జట్టు పరువు పోగొట్టుకుంది. ఆటగాళ్ల సూట్లలో అనుమతి లేని గట్టి దారం రహస్యంగా కుట్టారన్నది అభియోగం. తెర చాటు నుంచి ఎవరో తీసిన వీడియో బయటపడింది. అధికారులు కుట్లు విప్పి చూస్తే దారం దొరికింది. మారియస్ లిండ్విక్, యోహాన్ ఆండ్రే ఫోర్ఫాంగ్ అనే ఇద్దరు ఆటగాళ్లపై అనర్హత వేటు పడింది. రెండో స్థానంలో నిలిచిన లిండ్విక్ చేతికందిన వెండి పతకం చేజారింది. సూట్లను మార్చిన మాట నిజమేనని జట్టు పెద్దలు ఒప్పుకోక తప్పలేదు.

ఒక్క దారానికి ఇంత రాద్ధాంతం ఎందుకంటే, కొండ మీది నుంచి జారి గాలిలోకి ఎగిరే ఆటగాడికి సూటే రెక్క. బట్ట కాస్త వెడల్పయినా, కుట్టు కాస్త బిగుసుకున్నా గాలి ఎక్కువ పట్టి నాలుగు అడుగులు ముందుకు పడతాడు. అందుకే అంతర్జాతీయ స్కీ సమాఖ్య సూటు వెడల్పును, బట్టలోంచి గాలి దూరే వేగాన్ని సైతం కొలుస్తుంది.

మండే ఎండల్లో పనిచేసే గల్ఫ్ తెలుగువాళ్లకి మంచు ఆటల బట్టల గొడవ ఎందుకు, కందకు లేని దురద కత్తిపీటకెందుకు అని ఎవరైనా అడగొచ్చు. మనకూ సంబంధం ఉంది. చలిని ఆపే బట్టల విద్య పుట్టింది షోకు కోసం కాదు, పొట్టకూటి కోసం. తర్వాత అది ఆటగాళ్ల చేతికి వెళ్లింది, పెద్ద వ్యాపారమైంది. ఆ విద్య మళ్లీ పనివాడి దగ్గరికి ఎంతవరకు వచ్చిందన్నదే ఇప్పుడు మనం వేసుకోవలసిన ప్రశ్న.

పడవ మీద పుట్టిన కోటు

1877లో నార్వేలో హెల్లీ యూల్ హాన్సెన్ అనే ఓడ కెప్టెన్ మందపాటి బట్టకి అవిసె నూనె పట్టించి నావికుల కోసం కోట్లు కుట్టించడం మొదలుపెట్టాడు. సముద్రపు నీళ్లు ఆగాయి. కానీ లోపలి చెమట కూడా లోపలే ఆగిపోయింది. చలి బట్టల చరిత్ర అంతా ఈ చిక్కుముడి చుట్టూనే తిరిగింది. మనిషికి మూడు శత్రువులు: చలి, తడి, చెమట. ఒకదాన్ని ఆపితే మరొకటి మీద పడుతుంది. తడిసిన బట్ట ఒంట్లోని వేడిని, పొడి బట్టకంటే చాలా త్వరగా లాగేస్తుంది. చలిదేశంలో చెమట పట్టడం అందుకే ప్రమాదం.

తొలి వింటర్ ఒలింపిక్స్ 1924లో ఫ్రాన్స్‌లోని షమోనీలో జరిగినప్పుడు ఆటగాళ్ల ఒంటి మీద ఎక్కువగా ఉన్నది ఉన్నే. ఉన్ని మంచిదే, తన బరువులో దాదాపు మూడో వంతు తేమ పీల్చుకున్నా తడిసినట్టు అనిపించదు. అయితే బాగా నానితే బరువెక్కుతుంది, మంచులో గడ్డకడుతుంది. అమెరికాలో ఎడ్డీ బాయర్ అనే దుకాణదారుడు చేపల వేటకి వెళ్లి, ఉన్ని బట్టలు తడిసిపోయి చలికి ప్రాణం మీదికి తెచ్చుకున్నాడు. ఆ దెబ్బతో 1936లో బాతుల నూగు ఈకలు కూరిన కోటు తయారుచేశాడు. 1940లో దానికి పేటెంట్ వచ్చింది.

మనకి బాగా దగ్గరగా అనిపించే కథ క్లాస్ ఓబర్‌మేయర్‌ది. 1919లో జర్మనీలో పుట్టిన ఈయన రెండో ప్రపంచ యుద్ధం తర్వాత బతుకుతెరువు వెతుక్కుంటూ అమెరికాలోని ఆస్పెన్ చేరాడు. అక్కడ స్కీ నేర్పడం ఆయన ఉద్యోగం. నేర్చుకోవడానికి వచ్చినవాళ్లు చలికి తట్టుకోలేక మధ్యలోనే ఇంటిదారి పట్టేవారు. శిష్యులు లేకపోతే సంపాదన లేదు. అప్పుడు తల్లి ఇచ్చిన నూగు దుప్పటిని కత్తిరించి కోటుగా కుట్టాడు. కుడుతుంటే గదంతా ఈకలే! ఆ కోటుతోనే ఆయన పేరు మీద ఒక పెద్ద కంపెనీ మొదలైంది. వలస వచ్చినవాడి ఇంటి దుప్పటి, ఒక పరిశ్రమకి పెట్టుబడి అయిందన్నమాట.

ఆ తర్వాత మార్పులు వడివడిగా వచ్చాయి. 1952లో జర్మనీకి చెందిన మరియా బోగ్నర్ సాగే ప్యాంటు తెచ్చింది. సంచుల్లా వేలాడే స్కీ ప్యాంట్ల కాలం దాంతో పోయింది. 1961లో హెల్లీ హాన్సెన్ కంపెనీ నురగలా తేలికైన, త్వరగా ఆరే లోపలి బట్టను తెచ్చింది. ఆరుబయట ఒళ్లొంచి పనిచేసే నార్వే కార్మికులు దాన్ని ముందుగా ఆదరించారన్నది గమనార్హం. 1970ల్లో అదే కంపెనీ, చెమటను పీల్చుకోకుండా బయటికి తోసేసే బనియన్ తెచ్చింది. 1969లో అమెరికాలో బాబ్ గోర్, టెఫ్లాన్ కడ్డీని వేడిచేసి ఒక్క ఊపున లాగితే అది తెగకుండా అనేక రెట్లు సాగింది. ఆ పొరలో కంటికి కనిపించని కోట్ల రంధ్రాలు ఉంటాయి. నీటి చుక్క దూరలేదు, చెమట ఆవిరి మాత్రం దూరిపోతుంది. అదే గోర్‌టెక్స్. 1970ల మధ్య నుంచి కోట్లలోకి వచ్చింది. వంద ఏళ్ల కిందట కెప్టెన్ హాన్సెన్ కోటులో మిగిలిపోయిన చిక్కుముడి అలా వీడింది.

ఇక్కడి నుంచే 'మూడు పొరల' పద్ధతి స్థిరపడింది. ఒంటికి అంటుకుని చెమటను బయటికి లాగే పొర ఒకటి, దాని మీద వేడిని పట్టి ఉంచే పొర, అన్నిటి మీద గాలిని, నీటిని ఆపే పొర.

మిల్లు కాలినా జీతం ఆగలేదు

రెండో పొరలో రారాజు ఫ్లీస్. మన మార్కెట్లలో చలికాలం కుప్పలుగా పోసి అమ్మే మెత్తటి నూగు జాకెట్ల బట్ట అదే. 1979లో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో మాల్డెన్ మిల్స్ అనే కంపెనీ దీన్ని తెచ్చింది. మిల్లు ఉన్న లారెన్స్ పట్టణం తరతరాలుగా వలస కూలీల ఊరు.

1995 డిసెంబరు 11 రాత్రి ఆ మిల్లు కాలిపోయింది. యజమాని ఆరన్ ఫ్యూయర్‌స్టైన్‌కి ఆ రోజే 70 ఏళ్లు నిండాయి. బీమా సొమ్ము తీసుకుని తప్పుకోవచ్చు, లేదా కూలి తక్కువ ఉన్న దేశానికి తరలిపోవచ్చు. ఆయన ఆ రెండూ చెయ్యలేదు. అక్కడే మళ్లీ కడతానన్నాడు. పని లేని రోజుల్లోనూ కార్మికులకి జీతాలిచ్చాడు. అమెరికా అంతా మెచ్చుకుంది. 1996లో అధ్యక్షుడు క్లింటన్ పార్లమెంటు ప్రసంగానికి ఆయన్ని అతిథిగా పిలిపించారు.

కానీ కథ అక్కడితో ఆగలేదు. మిల్లు తిరిగి కట్టడానికి చేసిన అప్పులు పెరిగాయి, చౌక ఫ్లీస్ పోటీకి వచ్చింది. 2001లో కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. తర్వాత మిల్లు ఆయన చేతుల్లోంచి జారిపోయింది. 2007లో మరోసారి దివాలా తీసి, చేతులు మారి, పోలార్‌టెక్ అనే పేరుతో నడిచింది. ఆ కొత్త యాజమాన్యం చివరికి లారెన్స్‌లో ఉత్పత్తిని మూసేసి వేరే చోటికి తరలించింది. ఫ్యూయర్‌స్టైన్ 2021లో కన్నుమూశారు.

దీన్నిబట్టి మంచితనం పనికిరాదని అనుకుంటే పొరపాటు. ఆయన వల్ల ఎన్నో ఇళ్లలో ఆ చలికాలం పొయ్యి వెలిగింది. మనం నేర్చుకోవలసింది వేరు. మంచి యజమాని దొరకడం అదృష్టం. అదృష్టం మీద ఆధారపడిన రక్షణ, యజమాని మారగానే పోతుంది. చట్టంలో రాసి, అమలు చేసినదే నిలబడుతుంది.

నీళ్లు జారే కోటు, నీళ్లలో కలిసిన విషం

మూడో పొర కథ ఇంకా చేదుగా ఉంటుంది. కోటు మీద పడ్డ నీళ్లు తామరాకు మీద బొట్ల మాదిరి జారిపోవడానికి ఫ్లోరిన్ కలిసిన రసాయనాలు పూస్తూ వచ్చారు. వీటిని కలిపి 'పీఫాస్' అంటారు. మట్టిలో, నీళ్లలో, మనిషి ఒంట్లో అంత త్వరగా కరగవు కాబట్టి 'శాశ్వత రసాయనాలు' అని కూడా పేరు.

ఈ కుటుంబంలో ఒకటైన సీ-8ని, టెఫ్లాన్ తయారీ కోసం అమెరికాలోని వెస్ట్ వర్జీనియాలో డ్యూపాంట్ ఫ్యాక్టరీ దశాబ్దాల పాటు వాడింది. అది చుట్టుపక్కల ఊళ్ల తాగునీళ్లలో కలిసింది. పశువులు చచ్చిపోతున్నాయని ఒక రైతు 1998లో రాబర్ట్ బిలోట్ అనే లాయర్ దగ్గరికి వెళ్లడంతో తీగ లాగితే డొంక కదిలింది. కోర్టు ఒప్పందం మేరకు ఏర్పడిన శాస్త్రవేత్తల బృందం, మూత్రపిండాల క్యాన్సర్ సహా ఆరు రోగాలకి ఈ రసాయనంతో సంబంధం ఉండవచ్చని 2012 నాటికి తేల్చింది. 2017లో దాదాపు 3,550 కేసుల పరిష్కారానికి డ్యూపాంట్, కెమూర్స్ కంపెనీలు 67 కోట్ల డాలర్లకు పైగా చెల్లించడానికి ఒప్పుకున్నాయి. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ, సీ-8 మనుషులకి క్యాన్సర్ కారకమని ప్రకటించింది.

ఇప్పుడు చట్టాలు కదులుతున్నాయి. స్కీల అడుగున పూసే ఫ్లోరిన్ మైనాన్ని అంతర్జాతీయ స్కీ సమాఖ్య 2023-24 సీజన్ నుంచి నిషేధించింది. అమెరికాలో కాలిఫోర్నియా, న్యూయార్క్ రాష్ట్రాలు 2025 జనవరి నుంచి బట్టల్లో పీఫాస్‌కి అడ్డుకట్ట వేశాయి. ఫ్రాన్స్ 2025 ఫిబ్రవరిలో చేసిన చట్టం ప్రకారం 2026 జనవరి 1 నుంచి పీఫాస్ ఉన్న బట్టలు, చెప్పులు, స్కీ మైనం అమ్మకూడదు. గోర్ కంపెనీ కూడా పీఫాస్ లేని కొత్త పొరను మార్కెట్లోకి తెచ్చింది.

అయితే ఒక చిన్న మెలిక ఉంది. ఫ్రాన్స్ చట్టం, అగ్నిమాపక సిబ్బంది వంటివారి రక్షణ దుస్తులకి మినహాయింపు ఇచ్చింది. మంటల్లోకి, నూనెల్లోకి వెళ్లేవాళ్లకి సరైన ప్రత్యామ్నాయం దొరికేదాకా అది అవసరమే కావచ్చు. కానీ ఫలితం చూడండి: సెలవుకి మంచు మీద జారేవాడి కోటు ముందు శుభ్రపడింది, డ్యూటీలో రోజంతా తొడుక్కునేవాడి కోటు తర్వాతి వంతుకి మిగిలింది.

మన చలి, మన చెమట

2005లో దుబాయ్‌లో స్కీ దుబాయ్ తెరిచారు. బయట 45 డిగ్రీల ఎండ కాస్తుంటే లోపల సున్నాకి కిందనే మంచు. ఆడుకోవడానికి వచ్చినవారికి టికెట్‌తోపాటు జాకెట్, ప్యాంటు ఇస్తారు. గంటో రెండు గంటలో ఉండి వెళ్లేవారికి పద్ధతి ప్రకారం బట్టలున్నాయి, మంచిదే.

ఇక మనవాళ్ల సంగతి చూద్దాం. గల్ఫ్‌లో చేపలు, మాంసం, ఐస్‌క్రీం నిల్వచేసే ఫ్రీజర్ గదుల్లో సాధారణంగా మైనస్ 18 డిగ్రీలు ఉంటుంది. స్కీ దుబాయ్ కంటే అది చాలా ఎక్కువ చలి. అక్కడ పెట్టెలు మోసేవాళ్లు, ఫోర్క్‌లిఫ్ట్ నడిపేవాళ్లు రోజుకి ఎన్నోసార్లు లోపలికి, బయటికి తిరుగుతారు. లోపల మోత పనితో చెమట, బయట ఎండతో చెమట. తడిసిన కాటన్ బనియన్‌తో మళ్లీ మైనస్ 18లోకి. తలుపు దగ్గర వేలాడే ఒకే కోటుని షిఫ్టులవారీగా ఇద్దరు ముగ్గురు తొడుక్కునే చోట్లు కూడా మనలో చాలామందికి తెలిసినవే.

కొలత లేదా అంటే, ఉంది. మైనస్ 5 డిగ్రీలు, అంతకంటే చలిలో పనిచేసేవారి దుస్తులకి యూరప్‌లో 'ఇ.ఎన్. 342' అనే ప్రమాణం ఉంది. అంత చలి లేనిచోట 'ఇ.ఎన్. 14058' సరిపోతుంది. ఈ ప్రమాణం పాటించిన కోటు లోపలి లేబుల్ మీద ఆ అంకె ఉంటుంది. యూ.ఏ.ఈ. కార్మిక చట్టం కూడా పనిలో ప్రమాదం నుంచి కాపాడే సాధనాలు యజమానే ఇవ్వాలని చెబుతోంది. కాబట్టి లేనిది కొలత కాదు, కొలిచే మనిషి. ట్రాండ్‌హైమ్‌లో కుట్టు విప్పి చూసిన అధికారి లాంటివాడు ఫ్రీజర్ తలుపు దగ్గరికి ఎన్నిసార్లు వస్తున్నాడు?

ఎండ విషయంలో మార్పు సాధ్యమని మనం చూశాం. యూ.ఏ.ఈ.లో ఏటా జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం 12.30 నుంచి 3 గంటల దాకా ఎండలో పని ఆపాలన్న నియమం అమల్లో ఉంది. ఉల్లంఘించిన కంపెనీలకి జరిమానాలున్నాయి. ఎండకి గడియారం పెట్టగలిగినప్పుడు చలికి లేబుల్ పెట్టలేమా? మంచు గదిలో ఎంతసేపు, బయట ఎంత విశ్రాంతి, ఎవరి కోటు వారికే అన్న నియమాలు అంత కష్టమైనవేమీ కావు.

అంతవరకు మన చేతిలో ఉన్న జాగ్రత్తలు మనం తీసుకోవాలి. ఫ్రీజర్ డ్యూటీకి ఒంటి మీద కాటన్ బనియన్ బదులు, ఆటగాళ్లు వేసుకునే త్వరగా ఆరే పాలిస్టర్ బనియన్ మేలు. సంచిలో పొడి బనియన్ ఒకటి అదనంగా పెట్టుకుని, తడవగానే మార్చుకోవాలి. చెమట పట్టేదాకా ఆగకుండా మోత పనికి ముందే జిప్ కాస్త దించాలి. అలాంటి బట్టలు ఉతికేటప్పుడు సువాసన కోసం సాఫ్ట్‌నర్ పోస్తే చెమటను తోసే గుణం తగ్గుతుంది. కోటు ఇచ్చినప్పుడు లోపలి లేబుల్ చదవాలి. అంకె లేకపోతే ఒక్కరే కాకుండా షిఫ్టులో నలుగురూ కలిసి సూపర్‌వైజర్‌ని అడగాలి. అడిగిన తేదీ రాసి పెట్టుకోవాలి.

నావికుడి ఒంటి మీద మొదలై, వలస వచ్చిన స్కీ పంతులు దుప్పటిలోంచి పెరిగి, మిల్లు కూలీల చేతుల మీదుగా నడిచిన విద్య ఇది. దాని ఫలం ముందు ఆటగాడికి అందిందంటే మనకి అసూయ లేదు. అదే విద్య, అంతే కచ్చితమైన కొలతతో, ఫ్రీజర్ గదిలో పెట్టెలు మోసే మనిషి కోటుకి కూడా అందాలని మాత్రమే మనం అడుగుతున్నాం.