గోదారి రాకముందే జట్టు కట్టాలి

అయినవిల్లి మండలం లంకల ప్రజలకు, పడవ సరంగులకు, సచివాలయ ఉద్యోగులకు, కోనసీమ జిల్లా అధికారులకు ముక్తేశ్వరం నుంచి విన్నపం

ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక. 13.75కు రెండోది, 17.75కు మూడోది. భద్రాచలంలో అయితే 43, 48, 53 అడుగులు. ఈ అంకెలు ఇక్కడ బడిపిల్లలకు కూడా నోటికి వచ్చు. పైన నీరు పెరిగిందన్న కబురు రాగానే ముక్తేశ్వరం-కోటిపల్లి రేవులో పంటు ఆగిపోతుంది. ఎదురుబిడియం కాజ్‌వే మీదికి నీళ్లెక్కుతాయి. లంకల్లో రైతులు గేదెల్ని విప్పుకుని ఏటిగట్టు దారి పడతారు.

కబురు అందడం లేదని ఈ రోజుల్లో ఎవరూ అనరు. కేంద్ర జలసంఘం లెక్కలు, విపత్తుల నిర్వహణ సంస్థ సందేశాలు నేరుగా ఫోన్లకే వస్తున్నాయి. కబురు అందాక ఎవరు ఏం చెయ్యాలి, ఎవరు ఎవరికి చెప్పాలి, ఏ పని ముందు, ఏది తర్వాత అన్న దగ్గరే ప్రతిసారీ తడబాటు. ఈ తడబాటును నీళ్లు లేని రోజుల్లోనే పోగొట్టుకోవచ్చు. కంప్యూటర్ మీద గోదావరిని పారించి, వరదలో పనిచేయాల్సిన వాళ్లందరినీ ఒక గదిలో కూర్చోబెట్టి, జట్టుగా సాధన చేయించాలన్నదే మా కోరిక. వానాకాలం మొదలయ్యేలోపు ఏటేటా ఇది జరగాలి.

ఒక రాత్రిని ఊహించండి. పదకొండు గంటలకు రెండో హెచ్చరిక వచ్చింది. ఇంజన్ పడవలు రెండే ఉన్నాయి, ఒకటి మొరాయిస్తోంది. ఒక లంకలో నెలలు నిండిన అమ్మాయి ఉంది. ఇంకో లంకలో తెల్లారితే డయాలసిస్‌కి అమలాపురం పోవాల్సిన పెద్దాయన ఉన్నాడు. ఏటిగట్టు లోపలి వైపు ఒకచోట ఊట కనిపించిందని ఒక కుర్రాడు ఫోన్ చేశాడు. ఆ ఊట నీరు తేటగా ఉందా, మట్టి కలిసి వస్తోందా అని వాణ్ని ఎవరూ అడగలేదు. తేటగా ఉంటే కాపలా కాయాలి. మట్టి కలిసి వస్తుంటే గట్టు లోపల కోసుకుపోతున్నట్టే. ఇసుక బస్తాలు, సరుగుడు బాదులు, మనుషులు ఆ క్షణమే అక్కడికి పోవాలి. అదే సమయంలో లంకలకు కరెంటు తీసేయాలా వద్దా అని లైన్‌మన్ అడుగుతున్నాడు. తీస్తే మోటార్లు ఆగి మంచినీళ్లుండవు, సెల్ టవర్ ఎంతసేపు పనిచేస్తుందో తెలీదు. తియ్యకపోతే నీళ్లలో తీగ తెగిపడి ప్రాణాలు పోతాయి.

ఈ ప్రశ్నలన్నీ ఒకే అరగంటలో వస్తాయి. తహసీల్దారుకు ఒక కబురు, నీటిపారుదల ఇంజనీరుకు ఒక కబురు, ఏఎన్ఎంకు ఇంకోటి. ఏ పాయలో సుడి ఉందో తెలిసిన సరంగును ఎవరూ అడగరు. వీళ్లలో పని రానివాళ్లు ఎవరూ లేరు. కానీ అంతకుముందు ఒక్కసారి కూడా కలిసి పనిచేసి ఉండరు. పైగా బదిలీ మీద వచ్చిన అధికారికి లంకల పేర్లు నోరు తిరిగేసరికే సీజన్ అయిపోతుంది. ఎవరికి వారే యమునాతీరే అన్నట్టుగా ఆ రాత్రి గడుస్తుంది.

మన ఏటి చరిత్ర తెలిసినవాళ్లకు ఇది అతిగా అనిపించదు. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర నీటిమట్టం 75.6 అడుగులు, ధవళేశ్వరం మీదుగా 35 లక్షల క్యూసెక్కులు పైబడి నీరు దిగింది. 2006 ఆగస్టులో అంతకంటే తక్కువ నీటికే మన మండలంలో శానపల్లిలంక దగ్గర ఏటిగట్టుకు గండి పడింది. ఆ గండి గురించి పెద్దవాళ్లను అడగండి. ముందు ఎవరు చూశారు, ఎవరికి చెప్పారు, బస్తాలు ఎప్పుడొచ్చాయి అన్నదానికి ఒక్కొక్కరూ ఒక్కో కథ చెబుతారు. ఆ కథలన్నీ నిజమే కావచ్చు. ఎవరికి తెలిసింది వాళ్ల దగ్గరే ఉండిపోయింది, ఒకచోటికి చేరలేదు. 2022లో జూలైలోనే 25 లక్షల క్యూసెక్కులు దాటిన వరద వచ్చింది. పెద్ద వరద ఆగస్టులోనే వస్తుందన్న మన పాత లెక్క ఆ ఏడాది తప్పింది.

ఏరు ఒక్కటే కాదు. 1996 నవంబరు 6 రాత్రి తుఫాను కోనసీమ కొబ్బరిని నేలకూల్చింది. 1995 జనవరి 8న పాశర్లపూడి గ్యాస్ బావి అంటుకుని 65 రోజులు మండింది. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం అనే ఊళ్లో గ్యాస్ పైపులైను పేలి నిద్రలో ఉన్నవాళ్లను కాల్చేసింది. ఇన్ని అపాయాల మధ్య బతికే జిల్లాలో కలిసి సాధన చేసే గది ఒక్కటీ లేకపోవడం మనం భరించకూడని లోటు.

ఇక్కడ దూరదేశపు సంగతి ఒకటి చెప్పాలి. 1988 జూలై 3న పర్షియన్ గల్ఫ్‌లో విన్సెన్స్ అనే అమెరికా యుద్ధనౌక ఇరాన్ ప్రయాణికుల విమానాన్ని శత్రువిమానమనుకుని కూల్చేసింది. 290 మంది చనిపోయారు. ఆ నౌకలో అప్పటికి ప్రపంచంలోనే మేటి అనదగ్గ రాడార్, కంప్యూటర్లు ఉన్నాయి. విమానం పైకి ఎక్కుతోందని కంప్యూటర్ సరిగ్గానే చూపించింది. కిందికి దిగి మీదికి వస్తోందని సిబ్బందిలో కొందరు కేకలేశారు. యంత్రం దగ్గర సరైన లెక్క ఉంది, ఆ ఒత్తిడిలో అది జట్టు దాకా చేరలేదు. ఆ ఘోరం తర్వాత అమెరికా నౌకాదళం ఒత్తిడిలో జట్లు ఎలా నిర్ణయం తీసుకుంటాయో ఏళ్ల తరబడి పరిశోధన చేయించింది. నాలుగు విషయాలు సాధనతో వస్తాయని తేల్చారు: అడక్కముందే కబురు అందించడం, పొల్లు లేకుండా మాట్లాడటం, పక్కవాడి పొరపాటు చూసి సర్దడం, ఏది ముందో ధైర్యంగా చెప్పడం. ప్రతి సాధన తర్వాతా జట్టు తానే కూర్చుని తన తప్పొప్పులు మాట్లాడుకుంటే ఆ నేర్పు నిలబడుతుందనీ గమనించారు. ఈ నాలుగింటిలో మన ఏటిగట్టుకు అక్కరలేనిది ఏది?

మన దగ్గరే చూడండి. పైలట్ సిమ్యులేటర్ మీద ఇంజన్ ఆగిపోవడం చూశాకే విమానం నడుపుతాడు. చమురు బావులు తవ్వే బృందాలు బావి అదుపు తప్పితే ఏం చెయ్యాలో డ్రిల్లింగ్ సిమ్యులేటర్ల మీద నేర్చుకుంటాయి. పాశర్లపూడి లాంటి బావి తవ్వేవాళ్లకు ఆ సాధన ఉంది. ఆ బావి పక్కన ఇల్లున్నవాళ్లకు, వాళ్లను ఖాళీ చేయించాల్సిన వీఆర్వోకు లేదు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖలో ఎల్జీ పాలిమర్స్ నుంచి విషవాయువు వెలువడినప్పుడు సైరన్ మోగలేదు, జనం నిద్రలోంచి లేచి ఎటు పరిగెత్తాలో తెలియక రోడ్ల మీద పడిపోయారు. సైరన్ ఉండటం వేరు, దాన్ని నొక్కడం చేతికి అలవాటై ఉండటం వేరు.

ఇంతకీ కంప్యూటర్ గోదావరి అంటే ఏమిటి? ఏటి లోతులు, గట్ల ఎత్తు, లంకల మెరకలు, పల్లాలు, దారులు, కాజ్‌వేలు, ఇళ్లు అన్నీ లెక్కగా ఎక్కించిన పటం. ధవళేశ్వరం దగ్గర ఇన్ని లక్షల క్యూసెక్కులు వదిలితే ఏ గంటకు ఏ దారి మునుగుతుందో ఆ పటం మీద నీళ్లు పాకి చూపిస్తాయి. దానిమీద సాఫ్ట్‌వేర్ ఏజెంట్లను దింపుతారు. ఏజెంటంటే తనకంటూ ఒక పని, ఒక స్వభావం ఉండి, పరిస్థితిని బట్టి తానే నడుచుకునే ప్రోగ్రామ్. ఒక ఏజెంటు పడవ. దానికి డీజిల్ అయిపోతుంది, చీకట్లో వేగం తగ్గుతుంది. ఒక ఏజెంటు గేదెల్ని వదిలి రానని మొండికేసే రైతు. ఒకటి పుకారు మోసే ఫోన్. ఒకటి గట్టు మీది ఊట. పట్టించుకోకపోతే రెండు గంటల్లో గండి. వీటి ఎదుట నిజం మనుషులు, నిజం తహసీల్దారు, నిజం సరంగు, నిజం ఏఎన్ఎం కూర్చుని నిర్ణయాలు తీసుకోవాలి. తప్పు చేస్తే తెర మీద ఊరు మునుగుతుంది, ఎవరి ప్రాణమూ పోదు. మళ్లీ మొదటినుంచి ఆడొచ్చు.

ఇదేదో కొత్తగా మేం కనిపెట్టింది కాదు. 1995 జనవరి 17న జపాన్‌లో కోబే నగరాన్ని భూకంపం కూల్చింది. ఆ విషాదం నుంచే రోబోకప్ రెస్క్యూ అనే అంతర్జాతీయ ప్రయత్నం పుట్టింది. కూలిన నగరాన్ని కంప్యూటర్‌లో నిలబెట్టి, అగ్నిమాపక దళం, అంబులెన్సు, పోలీసు ఏజెంట్లు కలిసి ఎంతమందిని కాపాడగలవో అందులో పోటీలు పెడతారు. మన దేశంలో చదువుకుని అమెరికాలో స్థిరపడిన మిలింద్ తాంబే బృందం ఆ ఆలోచననే లాస్ ఏంజెలెస్ అగ్నిమాపక అధికారుల శిక్షణ కోసం మలిచింది. ఏ నిర్ణయం మనిషి చెయ్యాలి, ఏది ఏజెంట్లకు వదలాలి, ఎప్పుడు తిరిగి చేతిలోకి తీసుకోవాలి అన్నదే వాళ్లు ముఖ్యంగా పట్టించుకున్న ప్రశ్న. గూగుల్ సంస్థ కృత్రిమ మేధతో వరద అంచనా మొదలుపెట్టింది కూడా మన దేశంలోనే, 2018లో పట్నాలో. నీరు ఎంత వస్తుందో చెప్పే పరికరాలు మెరుగవుతూనే ఉన్నాయి. ఆ నీటి ఎదుట నిలబడే మనుషుల జట్టే ఇంకా తయారు కాలేదు.

మేం అడుగుతున్నది ఇది. మొదట ముక్తేశ్వరం కేంద్రంగా అయినవిల్లి మండలానికి ఒక సాధన గది. అందులో కొన్ని కంప్యూటర్లు, పెద్ద తెర, ఇన్వర్టర్ చాలు. పటం తయారీకి కాకినాడ జేఎన్‌టీయూని, అమలాపురం చుట్టుపక్కల ఇంజనీరింగ్ కాలేజీల పిల్లల్ని పిలవాలి. వాళ్లలో చాలామంది లంకల బిడ్డలే. ఏటి సంగతి సరంగులు, జాలర్లు, కొబ్బరి దింపు కార్మికులు చెప్పాలి. ఏ గట్టు ఎక్కడ మెత్తగా ఉంటుందో, ఏ దారి ముందుగా మునుగుతుందో ఉపగ్రహానికంటే వాళ్లకే ఎక్కువ తెలుసు. ఆ చెప్పినందుకు వాళ్లకు కూలి ఇవ్వాలి, ఉచిత సేవ అనకూడదు. ఏప్రిల్, మే నెలల్లో ప్రతి సచివాలయం సిబ్బంది, ఊరి యువకులు, డ్వాక్రా మహిళలు జట్లుగా వచ్చి సాధన చెయ్యాలి. బదిలీ మీద వచ్చిన ప్రతి కొత్త అధికారీ బాధ్యత తీసుకున్న నెలలోపే ఒకసారి ఈ గదిలో వరదను ఎదుర్కోవాలి. ఒక ఏడాది నడిచాక పి.గన్నవరం, మామిడికుదురు, ఐ.పోలవరం లంకలకూ విస్తరించాలి.

అసలు వరద వచ్చినప్పుడు అదే సాఫ్ట్‌వేర్ పక్కన కూర్చుని సలహా ఇవ్వాలి. ఇంకో మూడు గంటల్లో ఈ దారి మునుగుతుంది, పడవను ముందు ఫలానా లంకకు పంపండి, ఎందుకంటే అక్కడ మంచం మీదున్నవాళ్లు ఉన్నారు అని కారణంతో సహా, తెలుగులో, గొంతుతో చెప్పాలి. ఇందులో మేం గట్టిగా పట్టుబట్టే షరతులున్నాయి. సలహా యంత్రానిది, సంతకం మనిషిది. ఫలానా నిర్ణయం కంప్యూటర్ చెప్పిందని ఏ అధికారీ తప్పించుకోకూడదు. నెట్ పోయినా, కరెంటు పోయినా అది ఊళ్లోనే పనిచెయ్యాలి, ఎందుకంటే వరదలో ముందు పోయేవి ఆ రెండే. గర్భిణుల, రోగుల వివరాలు సచివాలయం దాటి ఏ కంపెనీకీ పోకూడదు. కూలీలను, దళితవాడలను, పట్టా లేని పాకలను పటంలో వదిలేస్తే యంత్రం కూడా వాళ్లను వదిలేస్తుంది; అందుకే పటాన్ని గ్రామసభలో అందరి ముందూ పరిచి చూపించాలి. సరంగు పోవద్దన్న పాయలోకి పొమ్మని యంత్రం చెబితే సరంగు మాటే చెల్లాలి.

మాక్ డ్రిల్లులు జరుగుతున్నాయి కదా అంటారు. జరుగుతున్నాయి, జరగాలి కూడా. పడవ ఎక్కించడం, లైఫ్ జాకెట్ కట్టడం వాటిలోనే వస్తుంది. కానీ డ్రిల్లులో ఏం జరగబోతోందో అందరికీ ముందే తెలుసు. మధ్యాహ్నానికి ఫోటోలు తీసుకుని ఇళ్లకు పోతారు. ఒకేసారి నాలుగు కష్టాలు మీద పడే రాత్రి అందులో రాదు. ముందు పడవలు కొనండి, గట్లు పటిష్ఠం చెయ్యండి, తర్వాత కంప్యూటర్లు అంటారు ఇంకొందరు. పడవలూ కావాలి, గట్లూ కావాలి, ఆ డిమాండు మేం వదలం. అయితే ఉన్న రెండు పడవలను సరిగ్గా పంపడం చేతకాని చోట నాలుగు పడవలొచ్చినా ఇదే కథ.

డబ్బు ఎక్కడిదన్న ప్రశ్నకు జవాబుంది. రాష్ట్ర విపత్తు నిధుల్లో పది శాతం సన్నద్ధతకు, సామర్థ్యాల పెంపునకు కేటాయించాలని 15వ ఆర్థిక సంఘం చెప్పింది. అధికారులకు, ప్రజలకు శిక్షణ ఇప్పించడం జిల్లా విపత్తు నిర్వహణ సంస్థ విధి అని 2005 విపత్తు నిర్వహణ చట్టంలోనే ఉంది. ఆ సంస్థకు కలెక్టరే అధ్యక్షులు. కాబట్టి అడగవలసిన చోటు అమలాపురం కలెక్టరేట్.

అన్నల్లారా, అక్కల్లారా, వచ్చే గ్రామసభలో ఈ విషయం మీరే లేవనెత్తండి. మన మండలానికి వరద సాధన గది కావాలని తీర్మానం రాయించండి, చదివించుకుని సంతకం పెట్టండి, దాని నకలు తీసుకోండి. అయినవిల్లిలంక, వీరవల్లిపాలెం, శానపల్లిలంక, ముక్తేశ్వరం తీర్మానాలు నాలుగూ కలిపి సోమవారం గ్రీవెన్స్‌లో కలెక్టరు గారి చేతికి ఇద్దాం. సరంగులు, ఆశా కార్యకర్తలు ముందు నడవండి. మీ వెనక మేమంతా వస్తాం.