లోపలికి ఎవరు దిగుతారు?

గత ఆగస్టులో రెండు రోజులు ఎడతెరిపి లేకుండా వాన పడింది. మూడో రోజు ఉదయం మా కింది వాటా బాత్రూంలో నీళ్లు పోవడం ఆగిపోయింది. కాసేపటికి పోవాల్సిన నీళ్లే పైకి రావడం మొదలైంది. ఇల్లంతా వాసన. స్కూలుకు వెళ్లాల్సిన పిల్లలు, పూజ చేసుకోవాల్సిన అమ్మ, అందరం ముక్కులకు గుడ్డ కట్టుకుని వరండాలో నిలబడ్డాం. మాది హైదరాబాద్ శివారు కాలనీ. రోడ్డు వచ్చింది, వీధి దీపాలు వచ్చాయి, భూగర్భ డ్రైనేజీ మాత్రం రాలేదు. ఇంటింటికీ సెప్టిక్ ట్యాంకే.

పక్కింటాయన ఒక నంబరు ఇచ్చారు. గంటలో ఇద్దరు కుర్రాళ్లు బైకు మీద వచ్చారు. చేతుల్లో ఒక బకెట్టు, తాడు, పొడవాటి వెదురు బద్ద. 'ట్యాంకు నిండింది సార్. ట్యాంకర్ పిలిస్తే మూడున్నర వేలు అయితది. మేం దిగి తీస్తే రెండు వేలల్ల అయిపోతది' అన్నాడు పెద్దవాడు. చిన్నవాడు అప్పటికే చొక్కా విప్పుతున్నాడు. వాడికి ఇరవై ఏళ్లుంటాయేమో.

నిజం చెప్పాలంటే, నాకూ ఒక్క క్షణం సరే అనాలనిపించింది. ఆ వాసన ఎలాగోలా పోతే చాలు అన్న స్థితి అది. అమ్మే ముందుగా తేరుకుంది. 'ముందు ఆ చొక్కా వేసుకో నాయనా' అంది.

డ్రైనేజీ జామ్ అయినప్పుడు మనం అడిగే మొదటి ప్రశ్న 'ఎంత తీసుకుంటావు?' అడగాల్సిన మొదటి ప్రశ్న మాత్రం 'ఎలా తీస్తావు? లోపలికి ఎవరైనా దిగుతారా?' దిగుతామంటే, ఎంత తక్కువకైనా ఆ మనిషిని ఆ పనికి పెట్టుకోకూడదు. ఇది మొహమాటాలకు తావులేని విషయం.

ట్యాంకులో ఏముంటుంది?

మూసి ఉన్న ట్యాంకులో మలం కుళ్లే కొద్దీ హైడ్రోజన్ సల్ఫైడ్, మీథేన్ వంటి వాయువులు పేరుకుంటాయి. ప్రాణవాయువు తగ్గిపోతుంది. హైడ్రోజన్ సల్ఫైడ్ మొదట కుళ్లిన గుడ్ల వాసన వేస్తుంది. మోతాదు పెరిగితే ముక్కుకు వాసన తెలిసే శక్తినే చంపేస్తుంది. అందుకే 'వాసన తగ్గింది, ఇక దిగొచ్చు' అనుకోవడం ప్రాణాంతకం. గాఢత బాగా ఎక్కువగా ఉంటే కొన్ని శ్వాసల్లోనే మనిషి కుప్పకూలుతాడు. ముఖానికి కట్టుకున్న తువ్వాలు గానీ, మామూలు మాస్కు గానీ ఈ వాయువులను ఆపలేవు.

ఈ ప్రమాదాల్లో తరచూ ఒకరు కాదు, ఇద్దరు ముగ్గురు పోతారు. మొదటివాడు పడిపోగానే రక్షించడానికి రెండోవాడు దిగుతాడు. అతని వెనక మూడోవాడు. ఎవరైనా అలా పడిపోతే దిగకండి, ఎవర్నీ దిగనివ్వకండి. వెంటనే 112కు గానీ, అగ్నిమాపక శాఖ 101కు గానీ ఫోన్ చేయండి.

చట్టం ఇంటి యజమానికీ వర్తిస్తుంది

2013 నాటి చట్టం ప్రకారం రక్షణ పరికరాలు, జాగ్రత్తలు లేకుండా మనిషిని మురుగు కాలువలోకో సెప్టిక్ ట్యాంకులోకో దించి శుభ్రం చేయించడం నేరం. మొదటిసారికే రెండేళ్ల వరకు జైలు, రెండు లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. సంస్థలకే కాదు, వ్యక్తులకూ ఇది వర్తిస్తుంది. మురుగు కాలువల్లో మరణించినవారి కుటుంబాలకు పది లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని 2014లో సుప్రీంకోర్టు ఆదేశించింది. 2023 అక్టోబరులో దాన్ని ముప్పై లక్షలకు పెంచింది.

'అతనే ఒప్పుకున్నాడు కదా, అతనికీ పని కావాలి కదా' అనేవారున్నారు. పని కావాలి, నిజమే. ఆ పనికి ట్యాంకర్, యంత్రం కూడా ఉండాలి. మన ఇంట్లో కుర్రాడిని ఏ ట్యాంకులోకి దించమో, పరాయి ఇంటి కుర్రాడిని కూడా అందులోకి దించకూడదు.

ఫోన్ చేసే ముందు

జామ్ ఎక్కడుందో తెలిస్తే ఎవరిని పిలవాలో తెలుస్తుంది. ఒక్క సింకులోనో ఒక్క బాత్రూంలోనో నీళ్లు నిలిస్తే లోపం ఎక్కువగా ఆ పైపులోనే. ప్లంబర్ చాలు. కింది వాటాలో అన్నీ ఒకేసారి పొంగితే బయటి ఛాంబర్‌నో, ట్యాంకునో అనుమానించాలి. అప్పుడు కావాల్సింది మురుగును గొట్టంతో లాగేసే ట్యాంకర్. భూగర్భ డ్రైనేజీ ఉన్న వీధిలో రోడ్డు మీది మ్యాన్‌హోలే పొంగుతుంటే దాని మూత మనం తీయించకూడదు. హైదరాబాద్‌లో జలమండలి నంబరు 155313కు, ఇతర ఊళ్లలో మున్సిపాలిటీకి చెప్పాలి. సెప్టిక్ ట్యాంకు శుభ్రతకు 14420 హెల్ప్‌లైన్ ఉంది.

ట్యాంకర్ వాళ్లను మూడు సంగతులు అడగండి. అడుగున గట్టిపడిన మడ్డిని ఎలా తీస్తారు? మనుషులకు చేతి తొడుగులు, బూట్లు ఉన్నాయా? తీసిన మురుగును ఎక్కడ పోస్తారు? శుద్ధి కేంద్రానికి కాకుండా ఊరి చివర చెరువులో పోస్తే, అది ఏదో ఒక దారిన మళ్లీ మన దగ్గరికే వస్తుంది. మూత తీసేటప్పుడు పిల్లల్ని దూరంగా ఉంచండి. దగ్గర్లో అగ్గిపుల్ల గీయకండి, సిగరెట్ వెలిగించకండి.

చాలా ఇళ్లలో మొదటి వైద్యం యాసిడ్. అది పోసిన వెంటనే బ్లీచింగ్ పౌడర్ చల్లితే విషపూరితమైన క్లోరిన్ వాయువు పుడుతుంది. మురుగు మడ్డిలో యాసిడ్ పడినా హైడ్రోజన్ సల్ఫైడ్ వెలువడవచ్చు. యాసిడ్ పోసిన సంగతి చెప్పకపోతే తరువాత పైపు విప్పే ప్లంబర్ చేతులు, కళ్లు కాలిపోతాయి.

పొంగిన మురుగు నీటితో టైఫాయిడ్, విరేచనాలు, హెపటైటిస్ ఎ, ఇ కామెర్లు వస్తాయి. ట్యాంకు పక్కనే నీళ్ల సంపు ఉంటే అందులోకి మురుగు చేరిందేమో చూసుకోవాలి. అనుమానం ఉంటే సంపు కడిగించేదాకా ఆ నీళ్లు తాగకూడదు.

వానలకు ముందే

'ఫోన్ చేస్తే వెంటనే రారు' అన్న ఫిర్యాదులో నిజం ఉంది. వానాకాలంలో ట్యాంకర్ దొరకడం కష్టమే. అందుకే ట్యాంకును రెండు మూడేళ్లకోసారి, వానలు మొదలవకముందే తీయించుకోవాలి. కాలనీ సంఘాలు పది ఇళ్లకు కలిపి ఒకేసారి ట్యాంకర్ మాట్లాడుకుంటే ఖర్చూ తగ్గుతుంది. నమోదైన ట్యాంకర్ల నంబర్లు, ధరలు మున్సిపాలిటీలు వార్డు ఆఫీసుల్లో అంటించాలి. అలా చేయకపోతే బకెట్టు, తాడు పట్టుకుని వచ్చేవాడే జనానికి దిక్కవుతాడు.

ఆ రోజు మాకు ట్యాంకర్ వచ్చేసరికి సాయంత్రం నాలుగయింది. అంతవరకు పక్కింటి బాత్రూం వాడుకున్నాం. ఇబ్బందే, కానీ ఒక పూట ఇబ్బంది. ఉదయం వచ్చిన కుర్రాళ్లకు అమ్మ టీ ఇచ్చి పంపింది. వాళ్లు మరో ఇంటికి వెళ్లే ఉంటారు. అక్కడ ఆ చొక్కా విప్పొద్దని చెప్పేవారు ఉన్నారో లేదో.